క్విస్ట్ మాస్టారి చెవి

నా మనవరాలు డానిత్సా మా ఊరి లెక్కల మాస్టారిని చలిలో గడ్డకట్టించి చంపేసింది.

చంపేసిందంటే, పూర్తిగా కాదు. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, ఆదివారాలు చేపలు పడుతుంటాడు. గడ్డకట్టింది ఎడమచెవి పైఅంచు మాత్రమే. అది రాలిపోయింది. మనిషి మొత్తం పోయాడంటే కథకు బాగుంటుందని అలా మొదలుపెట్టాను.

మాది మిన్నెసోటా ఉత్తరాన ఇనుప గనుల ఊరు. ఊరికి ఒకటే హైస్కూలు, దానికి ఒకడే పెద్ద లెక్కల మాస్టారు, హార్లన్ క్విస్ట్. ఎనిమిదో తరగతి దాటే పిల్లల్ని రెండు వరుసలుగా విడదీసేది ఆయనే. చురుకైన వరుసవాళ్ళు చివరి ఏడాదికి కాలిక్యులస్ దాకా వెళ్తారు. రెండో వరుసవాళ్ళు ఏడాదికో మెట్టు చొప్పున ఎక్కి, కాలిక్యులస్ గది తలుపు చూసి ఇంటికొస్తారు. డానిత్సాను ఆయన రెండో వరుసలో పడేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారమే శనివారం ఐస్ హాకీ మైదానంలో, కాఫీ అమ్మే కిటికీ దగ్గర, నలుగురిలో నోరు జారాడు.

"మ్లాకర్ల పిల్లకి గోల్ ముందు నిలబడటం వచ్చు, అది చాలు. లెక్కలు ఆ రక్తంలోనే లేవు. వాళ్ళ నాన్నకి చెప్పీ చెప్పీ నా గొంతే పోయింది."

మ్లాకర్లంటే మేమే. అందరూ నవ్వారు. స్కేట్లు భుజాన వేసుకుని డానిత్సా వాళ్ళ వెనకే నిలబడి ఉంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేది. ఆ రోజు నుంచి గోల్ ముందు నిలబడిందంటే, పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళ ఎదురొచ్చిన ప్రతిసారీ, అది ఆయన నోట్లోంచి వచ్చిన మాటే అన్నట్టు ఆపేది. ఒక్కటి లోపలికి పోతే ఒట్టు.

పగ తీర్చుకోవడం దేవుడి పని అని నాకు చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ బెనెడిక్టా వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పింది. నేను కాదనలేదు. కానీ దేవుడికి పని ఎక్కువ. చేయి సాయం చేస్తే తప్పేముంది?

తొమ్మిదో తరగతిలో, చలికాలం చివర్లో ఒకరోజు డానిత్సా మా వంటింట్లో కూర్చుని, నేను అక్రోట్లు పెట్టి చుట్టిన తీపి రొట్టె పొతిత్సా తింటూ అసలు సంగతి చెప్పింది. పదో తరగతిలో జామెట్రీ, రెండో ఆల్జీబ్రా ఒకే ఏడాది కలిపి చదివేస్తే చురుకైన వరుసను అందుకోవచ్చు. చివరి ఏడాది కాలిక్యులస్ గదిలో, క్విస్ట్ ముక్కు ముందు, మొదటి బెంచీలో కూర్చోవచ్చు.

"మరింకేం? రెండూ తీసుకో."

"ఆల్జీబ్రా బడి చివరి గంటలో ఉంటుంది తాతా. మా అమ్మాయిల జట్టుకి మైదానం ఇచ్చేదీ ఆ గంటే. సాయంత్రమంతా మగపిల్లలదేగా."

"అయితే హాకీ పోతుందన్నమాట. పోతే ఎవరికి నష్టం?"

"నాకు," అంది. ముక్క నమిలి మింగాక ఇంకో మాట అంది. "బ్రిట్టాకి కూడా."

బ్రిట్టా అంటే క్విస్ట్ గారి కూతురే. జట్టులో గోల్స్ కొట్టేది ఆ పిల్లే. రాబోయేది ఆమెకు బడిలో ఆఖరి ఏడాది. కాలేజీలవాళ్ళు ఆట చూడ్డానికి వస్తామన్నారు. డానిత్సా లేకపోతే గోల్ ముందు నిలబడే దిక్కు లేదు. ఇంకో పిల్ల ఉంది కానీ, పక్ వస్తుంటే కళ్ళు మూసుకుంటుంది.

నేను దాని ముఖం చూశాను. ఇల్లు కాలిపోతుంటే ఆ పిల్ల ముందు బయటికి తెచ్చేది తన గోల్‌కీపర్ కాలి తొడుగుల్నే. నా సంగతి తరవాత. అలాంటిది వాటిని వదులుకోవాలా, పగను వదులుకోవాలా?

"తాతా, నువ్వయితే ఏం చేస్తావు?"

"నేనయితే ముందు అడిగేస్తా, ఆ తర్వాత ఎవరు ఏడుస్తారో చూస్తా."

మర్నాడు బడిలో రెండు లెక్కల క్లాసులూ కావాలని చెప్పింది. కోచ్ దగ్గరికి వెళ్ళి హాకీ మానేస్తున్నానని చెప్పింది. ఇంటికొచ్చి గది తలుపేసుకుంది. కాలి తొడుగులకు పట్టీలు బిగిస్తున్న చప్పుడు నాకు వినిపించింది. మానేసినవాళ్ళకు పట్టీలెందుకు?

వారం తిరక్కుండానే క్విస్ట్ మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. బూట్లనుంచి మంచు నీళ్ళు కారుతున్నాయి. నేను అప్పుడే పొతిత్సా కోస్తున్నాను. ఆయనకు ముక్క పెట్టలేదు. మా ఇళ్ళలో అది చెంపదెబ్బతో సమానం.

"డానిత్సా, ఒక్క ఏడాది ఆగమ్మా. ఇప్పుడు జామెట్రీ చదువు. ఆల్జీబ్రా ఎక్కడికి పోతుంది?"

"మరి నా కాలిక్యులస్ ఎప్పుడు సార్?"

"అందరికీ కాలిక్యులస్ అక్కర్లేదులే."

"మ్లాకర్లకి అక్కర్లేదు. అంతేగా?"

"నేనలా అన్నానా?"

"గొంతు పోయిందని కూడా అన్నారు. బాగానే ఉందే!"

ఆయన ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "మ్లాకర్ గారూ, పెద్దవారు మీరైనా చెప్పండి."

"నాకు చెవుడు సార్," అన్నాను. ముక్క నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడు నా మనవరాలు తీరిగ్గా చెప్పింది. "హాకీ ఆడతాను. కానీ ఆల్జీబ్రా నాకు బడి తెరవకముందు చెప్పాలి, పొద్దున ఆరింటికి. నా ఒక్కదానికే."

"ఆరింటికా! జనవరిలో కూడానా?"

"జనవరి కూడా ఏడాదిలోదేగా సార్? నాకు లెక్కలు రావు, మీరే చెప్పండి."

ఆయన కూతుర్ని తలుచుకున్నాడు కాబోలు, తల ఊపాడు.

"ఇంకోటుంది," అంది డానిత్సా. "ఏడాది చివర, నేను రెండింట్లోనూ నెగ్గితే, అన్న చోటే, విన్నవాళ్ళ ముందే, ఆ మాట వెనక్కి తీసుకోవాలి."

ఆ చలికాలం మామూలుది కాదు. పక్షులు ఎగరడం మానేసి నడిచి వెళ్ళేవి. బడి బాయిలరు ఏడింటికి గానీ వేడెక్కేది కాదు. డానిత్సా నా గని కోటు తొడుక్కుని, కాలి తొడుగులు కూడా కట్టుకుని, మొదటి బెంచీలో కోటగోడలా కూర్చునేది. ఆయన బోర్డు మీద ఒక్కో వరుస రాసినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఎందుకు సార్?"

చెప్పేవాడు. అది సరిగ్గా రాసుకుని, మళ్ళీ "అది ఎందుకు సార్?" అనేది. ఆయన మీసానికి మంచు కడితే డస్టరుతో కొట్టి విరగ్గొట్టుకుని జవాబు చెప్పేవాడు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన కారు తలుపు బిగుసుకుపోయింది. టోపీ కారులోనే ఉండిపోయింది. నడిచే వచ్చాడు. మానేయలేకపోయాడు, ఎందుకంటే ఆ సాయంత్రం పెద్ద మ్యాచ్. చెవి పోయింది ఆ రోజే.

"చెవి ఎర్రగా ఉంది సార్," అందిట డానిత్సా. "సరే, ఈ వరుస ఎందుకు?"

బ్రిట్టాను కాలేజీవాళ్ళు తీసుకున్నారు. డానిత్సా రెండు లెక్కల్లోనూ తరగతికి మొదటొచ్చింది. మే నెలలో ఒక శనివారం, కాఫీ కిటికీ దగ్గర, నవ్వినవాళ్ళంతా ఉన్నప్పుడు, క్విస్ట్ తన కప్పులోకి చూస్తూ అన్నాడు, "మ్లాకర్ల రక్తంలో లెక్కలు ఉన్నాయి."

"వినపడలేదు సార్. గొంతు పోయిందా?"

మళ్ళీ అన్నాడు, గట్టిగా. ఈసారి నవ్వింది నేనొక్కడినే.

ఇక చాలు, క్షమించవే అన్నాను దారిలో. "కాలిక్యులస్ ఇంకా ఉందిగా తాతా," అంది. ఆ గదిలోనూ మొదటి బెంచీ దానిదే. ఇప్పుడు కలప డిపోలో ఇళ్ళ పైకప్పులకు చెక్క చట్రాలు లెక్కగట్టి చేయిస్తుంది. ఎంత మంచు పడ్డా అది చేయించిన కప్పు కుంగదు.

మొన్న ఆదివారం దాన్ని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. పొతిత్సా పూర్తిగా తినేసి, వేళ్ళు తుడుచుకుని అంది, "అన్నీ కోతలే తాతా. నేను ఏ ఏడాదీ రెండు లెక్కల క్లాసులు తీసుకోలేదు. జీవితంలో గోల్ ముందు నిలబడలేదు. క్విస్ట్ సారు చెవి వాళ్ళ కుక్క కొరికింది."