పారలల్ బార్స్ మీద మూడు ఊళ్ల పోటీ

నవంబరు 9, ఆదివారం. రేపల్లె, హైస్కూలు మైదానం. హాజరైనవారు: తెనాలి నుంచి నేను, రిటైరైన డ్రిల్లు మాస్టారిని; బాపట్ల నుంచి బ్యాంకులో పనిచేసి రిటైరైన మిత్రుడు; రేపల్లె నుంచి ఒకప్పటి లెక్కల మాస్టారైన మిత్రుడు (చర్చిలో ఆరాధన ముగించుకుని ఆ తెల్లచొక్కాతోనే వచ్చాడు); హెడ్మాస్టరు, పావుగంట సేపు.

అంతకు మూడు రోజుల ముందు హెడ్మాస్టరు ఫోన్ చేశారు. మైదానం మూలనున్న పారలల్ బార్స్ కోయించేసి, ఆ చోట టీచర్ల బళ్లకు షెడ్డు వేయిస్తారట. ఆ బడిలో పనిచేసినన్నాళ్లూ ఆ జంట కర్రల మీదే పిల్లలకు ఒంటిని చేతులతో మోయడం నేర్పాను.

"ఎవరూ వాడట్లేదు కదండీ మాస్టారూ. మీకు ముందే ఓ మాట చెబుదామని," అన్నారు.

డైరీలు తిరగేశాను. వాటిని ఎవరైనా వాడినట్టు రాసిన చివరి పేజీ నేను రిటైరైన ఏడాదిదే. ఆయన మాట నిజమే. అయితే ఆ నిజాన్ని ఆదివారంతో ఆపేయాలనుకున్నాను.

కాలేజీలో మేం ముగ్గురం ఒకే జిమ్నాస్టిక్స్ జట్టు. ఇద్దరికీ ఫోన్ చేసి, పోటీ పెడదామన్నాను.

"ముగ్గురితో పోటీ ఏంట్రా?" అన్నాడు బాపట్లవాడు.

మగవాళ్ల జిమ్నాస్టిక్స్‌లో ఇప్పుడు తొలి ప్రపంచ పోటీగా లెక్కేసేదానికి నాలుగు దేశాలే వచ్చాయని ఎప్పుడో చదివి రాసుకున్నాను. అదే వినిపించాను. "ప్రపంచానికి నాలుగు దేశాలు చాలినప్పుడు మనకి మూడు ఊళ్లు చాలవా?"

"మన వయసెంతో కూడా రాసుకున్నావా?"

"రాసుకున్నాను. నువ్వు నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. ముందు నువ్వే ఎక్కు."

ఆదివారం ముందుగా స్పానరుతో బోల్టులన్నీ బిగించాను. స్తంభాలకు తుప్పు పట్టింది గానీ కర్రలు గట్టిగానే ఉన్నాయి. అంశాలు మూడు: మోచేతులు వంచకుండా ఒంటిని మోస్తూ నిలవడం, చేతులతో నడవడం, ఊగి దూకడం. ఒకరు ఎక్కితే మిగతా ఇద్దరూ పదికి మార్కులేస్తారు.

రేపల్లెవాడు అరచేతులకు సుద్దపొడి రాసుకుని ఎక్కి, కదలకుండా నిలిచాడు.

"వాణ్ని మోస్తున్నది చేతులు కాదురా, చొక్కాకి పెట్టిన గంజి. మార్కులు తగ్గించు," అన్నాడు బాపట్లవాడు.

నేను చేతులతో నడుస్తుండగా హెడ్మాస్టరు బండి ఆపి పరుగున వచ్చారు. "దిగండి మాస్టారూ! పడితే జవాబుదారీ ఎవరండీ?"

నాలుగో అడుగు పూర్తిచేసి దిగాను.

"నేనేనండి. రాసిస్తాను." అంతవరకూ ఏ డైరీలోనూ కాగితం చింపలేదు. ఆ రోజు చింపి, రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. "ఎవరూ వాడట్లేదని ఇక అనకండి. ఇవాళ ముగ్గురు వాడారు. మార్కులు కూడా ఉన్నాయి."

"రేపొద్దున కట్టర్ వచ్చేస్తాడండి. చెప్పేశాను," అని ఆయన వెళ్లిపోయారు.

ఫలితం: రేపల్లె మొదటి స్థానం, బాపట్ల రెండు, తెనాలి మూడు. హెడ్మాస్టర్ని చూసి మోకాలు వంచానని నాకు ఒక మార్కు తగ్గించారు. గట్టిగా వాదించాను. మార్చలేదు.

మర్నాడు ఉదయం నా చేతులు భుజాల పైకి లేవలేదు. మా ఆవిడే చొక్కా తొడిగింది.

"మూడోస్థానం వచ్చిందిగా, మళ్లీ దేనికండీ?" అంది.

"పోటీ ఇంకా అవలేదు," అన్నాను.

తొలి రైల్లో రేపల్లె చేరేసరికి ఇద్దరూ అప్పటికే బార్స్ దగ్గరున్నారు. ఎక్కే శక్తి ముగ్గురిలో ఎవరికీ లేదు. కర్రలు పట్టుకుని నిలబడ్డాం. కోసే అతను గ్యాస్ సిలిండరుతో ఆటోలో వచ్చాడు.

"జరగండి బాబాయిగారూ, కొయ్యాలి."

"మేం వాడుతున్నాం," అన్నాను.

"ఎంతసేపండి?"

"రిటైరైనవాళ్లం బాబూ. మాకు వేరే పని లేదు."

అతను కర్రల మీది సుద్ద మరకలు చూశాడు. ఫోన్ తీశాడు. "ఎవరూ వాడట్లేదన్నారు కదండీ... ముగ్గురున్నారండి... లేదండి, మనుషులు పట్టుకున్నదాన్ని నేను కొయ్యనండి." సిలిండరు దింపకుండానే ఆటో వెనక్కి తిప్పించాడు.

బడి గంట కొట్టాక హెడ్మాస్టరు వచ్చారు. "షెడ్డు అటువైపు గోడవారకి జరుపుతాలెండి. మీరు మాత్రం ఇక ఎక్కకండి మాస్టారూ."

"ఎక్కకపోతే ఎవరూ వాడట్లేదంటారు కదండీ," అన్నాను.