ఎర్రగా ఏదీ?

పెదబయలు సంతవీధిలో మైదానం నుంచి వచ్చి మందుల కొట్టు పెట్టిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. కుర్చీలోంచి లేవడం ఆయనకు నామోషీ. జబ్బు పిల్లని తల్లి ఎత్తుకొస్తే, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, బల్ల అవతల నుంచే చూసి మందు తేల్చేసేవాడు. ఒక్క పిల్ల ఒంటి మీదైనా చెయ్యి వేసిన పాపాన పోలేదు.

మా చెల్లికి నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు, జలుబు. కళ్ల వెంట ఒకటే నీరు. అమ్మ దాన్ని ఆయన ముందు నిలబెట్టింది.

"తట్టు బాబూ. సెవుల ఎనకాల మొదలై మొకమంతా దిగింది."

"తట్టయితే ఎర్రగా ఏదీ?"

"మా పిల్లల నలుపులో ఎరుపెక్కడ అవుపడతాది? సెయ్యేసి సూడండి, గరుగ్గా తగుల్తాది."

"నాకే సెప్తావేటే? సెమటకాయలవి. పౌడరు రాయి. ఆసుపత్రీ అక్కర్లేదు, ఏటీ అక్కర్లేదు."

అమ్మ అరచేతికి తెలిసింది ఆయన చదువుకు తెలియలేదు. అయినా నాన్న చదువునే నమ్మాడు. పౌడరు డబ్బాతో కొండెక్కి ఇంటికొచ్చాం.

మూడో రోజుకు చెల్లి కళ్లే తెరవలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ దాని చెవి వెనక తడిమి చూడగానే తట్టేనని చెప్పింది. విటమిన్ ఏ మందు పట్టారు. ప్రాణం నిలిచింది.

"ముందే తెచ్చుంటే కన్ను కూడా దక్కేదమ్మా," అంది నర్సమ్మ.

కోలుకున్నాక చెల్లిని సంతకు తీసుకెళ్లాం. ఆయన కుర్చీలోంచే పలకరించాడు.

"గుంటదాని కన్నేటి, అలా తెల్లగా ఉంది?"

ఆ రంగు మాత్రం బల్ల అవతల నుంచే కనిపించింది.