ఆమెవి పదేండ్లు, నావి ఆరు

పోయిన నెల ఒక గురువారం పొద్దున పదిన్నరకు నా భార్య దవాఖానలో చనిపోయింది. ఆమె పాఠం చెప్పే చేవెళ్ల డిగ్రీ కాలేజీకి నేనే ఫోన్ చేసి చెప్పిన. ఎత్తినాయన "సార్, ఇప్పుడు మేడం పీరియడే" అన్నడు.

ఆమె ఫిజిక్స్ చెప్పేది. పిల్లలందరూ కంప్యూటర్ల దిక్కు పోతున్న రోజులివి. ఆమె చేరినప్పుడు క్లాసులో ముప్పై మంది. ఈ ఏడాది ఏడుగురు. "ఏడుగురైతే ఒక్కని పేరు గూడ మర్చిపోను" అని నవ్వేది. చాక్‌పీసు పొడి పడుతుందని గడియారాన్ని ముంజేతి లోపలికి తిప్పి కట్టుకునేది. పేపర్లో సైన్సు తప్పుగా రాస్తే ఎర్రపెన్నుతో దిద్ది, మడిచి, నా టిఫిన్ సంచిలో పెట్టేది. బస్సులో విప్పి చూస్తే మార్కులు కూడా వేసి ఉండేవి. ఎక్కువగా నాలుగు, పదికి.

నాది మాదాపూర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పెండ్లయిన నెలకే ఆ ఉద్యోగం వచ్చింది. పొద్దున ఆరున్నరకు చేవెళ్లలో బస్సు ఎక్కితే, తిరిగి వచ్చేసరికి ఆమె తిని, మర్నాటి పాఠం రాసుకుంటూ ఉండేది. ఆదివారాలు సగం ఫోన్లలోనే పోయేవి. ఇట్ల పదేండ్లు. మాకు పిల్లలు లేరు.

ఒక ఆదివారం బండి మీద చిల్కూరు దిక్కు పోతున్నం. వెనుక కూర్చొని నా చెవి పక్కన పాఠం మొదలుపెట్టింది. కవల అన్నదమ్ములు ఇద్దరు. ఒకడు భూమి మీద ఉన్నడు. ఇంకొకడు వెలుతురు వేగంలో నూటికి ఎనభై వంతుల వేగంతో పోయే రాకెట్ ఎక్కిండు. వాడు తిరిగొచ్చేసరికి భూమి మీద పదేండ్లయితే, వానికి అయ్యేది ఆరేండ్లే.

"వానికి టైమ్ మెల్లగ నడుస్తదంటవు. మరి రాకెట్ల బోరు కొట్టి సస్తడు గద?" అన్న.

నా వీపు మీద ఒకటి చరిచింది. "బీయస్సీ మ్యాథ్స్ ఎవరిచ్చిన్రయ్యా నీకు? వాని గడియారం వానికి సక్కగనే నడుస్తది. ఆకలి టైముకే అయితది, నిద్ర టైముకే వస్తది. ఏ తేడా తెల్వదు. తిరిగొచ్చి తమ్ముని పక్కన నిలబడితే అప్పుడు తెలుస్తది."

"తెలిసినంక సరి చేసుకోవచ్చా?"

"ఎట్ల చేసుకుంటడు? ఆ నాలుగేండ్లు వాడు బతకనే లేదు."

అప్పుడు నాకు అది లెక్కలాగనే వినిపించింది.

ఈ పాఠానికి ఆమె ఏటా ఒక రోజు పిల్లలను తన పుట్టినూరు ఆలూరుకు తీసుకుపోయేది. అక్కడ నా బామ్మర్దికి కూరగాయల తోట, ట్రాక్టరు ఉన్నయి. ఒక అమ్మాయి ట్రాలీలో నిలబడి రబ్బరు బంతిని కిందికి కొట్టి పట్టుకోవాలి. మిగతావాళ్లు రోడ్డు పక్కన నిలబడి చూడాలి. ట్రాలీలో ఉన్న అమ్మాయికి బంతి నిట్టనిలువుగా పడి లేస్తుంది. రోడ్డు మీది వాళ్లకు ఏటవాలుగా, ఎక్కువ దూరం పోయినట్టు కనబడుతుంది. బంతి బదులు వెలుతురు అనుకొమ్మనేది. వెలుతురు వేగం ఎవరికైనా ఒకటే. ఎక్కువ దూరం పోవాలంటే ఎక్కువసేపు పట్టాలి. కాబట్టి రోడ్డు మీది వాళ్ల లెక్కలో ట్రాలీలోని గడియారం మెల్లగా నడిచినట్టు.

"అక్కా, టమాటలేసే ట్రాలీల గీ బంతులాటేందే? ఊరోళ్లు నవ్వుతున్నరు" అని బామ్మర్ది గొణిగేవాడట.

"నవ్వనీ. నువ్వు మాత్రం బ్రేకు కొట్టకు. వేగం మారిందంటే నా పాఠం ఖరాబైతది."

ఏటా నన్నూ రమ్మనేది. "ఒక్క పూట. రోడ్డు పక్కన నిలబడి చూడు, చాలు." అది ఎప్పుడూ పనిరోజే అయ్యేది. వచ్చే ఏడు వస్తనని చెప్పేవాణ్ని. పోయినేడు ఆమె అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా నాకు ఈ నెలలోనే గుర్తొచ్చింది.

ఈ ఏడు జ్వరం తగ్గకపోతే ఆమె రెండుసార్లు ఒక్కతే ఆటోలో మొయినాబాద్ పోయి పరీక్షలు చేయించుకున్నది. నాకు తర్వాత తెలిసింది. రక్తంలో ఉన్న జబ్బు సంగతి తేలేసరికి పెద్ద డాక్టర్ల చేతులు కూడా దాటిపోయింది.

మా క్రైస్తవుల్లో మట్టి చేసిన కొన్నాళ్లకు ఆదరణ కూడిక పెడతం. పోయినవాళ్ల గురించి ఎవరైనా లేచి రెండు మాటలు చెప్పొచ్చు. ఆలూరు చర్చిలో పెట్టినం. చివరికి పాస్టర్ గారు నన్ను లేవమన్నరు. "వచ్చినందుకు అందరికీ వందనాలు" అని కూర్చున్న. ఆ పూట రాని మాటలే ఇప్పుడు మీకు రాస్తున్న.

బయట భోజనాల దగ్గర ఆ ఏడుగురిలో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "సార్, మిమ్మల్ని చూడకముందే మాకు మీరు తెలుసు. క్లాసుల మీరే రాకెట్."

నా బామ్మర్ది పక్కనే ఉన్నడు. "అవు బావా. ట్రాలీ కదలంగనే 'మీ సారు పోతుండు సూడుర్రి' అనేటిది. పోరగాళ్లు చేతులూపేటోళ్లు."

చేతిలో పళ్లెం కింద పెట్టిన. పదేండ్లు ఆమెను ఎదురుచూసేటట్టు చేసిన అన్నదే ఆ పదిరోజులుగా నా లోపల తిరుగుతున్నది. అడగాలంటే భయమైంది. అయినా అడిగిన.

"నా మీద కోపంతోని చెప్పేదా?"

"లేదు సార్. మేమే అన్నం, పాపం భూమ్మీద ఉన్నాయన ఎదురుచూసి ముసలోడైతడు గద అని. మేడం ఒప్పుకోలె. ఎదురుచూసుడేంది, వాడు పదేండ్లు బతుకుతుండు అన్నది. పొద్దుగాల లేస్తడు, పాఠం చెప్తడు, వానలు చూస్తడు. అన్నీ పదేండ్లవి. పాపం అనాల్సింది రాకెట్ల ఉన్నోన్ని. వానివి ఆరే."

"ఇంకేమన్నది?"

"వాడు దిగినంక ఎవరన్న దగ్గర కూసోబెట్టుకొని మిగతాయి చెప్పాలె అన్నది."

ఆ అమ్మాయి చేతి వెనుకతో కండ్లు తుడుచుకొని పోయింది. ఆమె నా కోసం కాచుకొని ఎండిపోలేదు. నిండుగానే బతికింది. అది తెలిసి గుండె తేలికపడాలి. పడింది కూడా. కానీ మిగతావి చెప్పేందుకు ఆమె లేదు. ఆ వానలు ఎట్ల పడ్డయో నేను ఎవరినీ అడగలేను.

కంపెనీ నెల రోజులు సెలవిచ్చింది. ఇంట్లో పొద్దు పోదు. నిన్న సాయంత్రం మొయినాబాద్ వరకు పోయి హోటల్ ముందర బల్ల మీద కూర్చున్న. ముసురు పట్టింది. పట్నం నుంచి ఒక ఆఫీసు బస్సు వచ్చి ఆగింది. కిటికీ పక్కన ఒకాయన, మెడలో కార్డు, అద్దానికి నుదురు ఆనించి నిద్రపోతున్నడు. నా వయసే ఉంటది. పదేండ్లు నేనూ ఈ రోడ్డు మీద ఇట్లనే వచ్చిన. బస్సు ఆగిన కుదుపుకు కండ్లు తెరిచిండు. ఏ ఊరో పోల్చుకోలేక ఒకసారి నన్ను చూసి, మళ్లీ మూసుకున్నడు. బస్సు కదిలింది. అతని ఊపిరికి అద్దం మీద పట్టిన తెల్లటి ఆవిరి మలుపు దాకా కనబడింది.