ముందు తప్పు చెప్పండి

మా కాలేజీ రాజాం దాటాక పొలాల మధ్య ఉంటుంది. ఎంబీఏ పిల్లలకు నేను మార్కెటింగ్ చెబుతాను. ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే రైతుల పిల్లలు. వాళ్లతో నాకున్న తగాదా ఒక్కటే. నేను ఏం చెప్పినా తలూపుతారు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. గోడకి చెప్పినా నా మాట నాకు తిరిగి వినిపిస్తుంది కదర్రా అని విసుక్కుంటే, దానికీ తలూపేవారు.

ఒక ఏడాది మా క్యాంటీన్ నడిపే ఆవిడ, పిల్లలంతా అత్తా అని పిలిచే మనిషి, నాకు టీ ఇస్తూ ఒక మాట అంది. "నెలాఖరుకి మూసేస్తానమ్మా. వండిందంతా మిగిలిపోతన్నాది. మా ఈదిలో కుక్కలు బలుస్తన్నాయి గానీ నాను బాగుపడింది నేదు." నవ్వుతూనే అంది. భర్త పోయాక ఆ పొయ్యి మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది.

మర్నాడు క్లాసులో పుస్తకం మూసేశాను. ఎక్కడో విదేశీ కంపెనీ కష్టాలు మనకెందుకు, మన క్యాంటీన్‌ని నిలబెడదాం, మీరూ నేనూ కలిసి చేద్దాం అన్నాను. కలిసి అన్నానే గానీ, ఉత్సాహం ఆపుకోలేక ప్లానంతా నేనే చెప్పేశాను. మధ్యాహ్నం భోజనం తీసేసి నూడుల్స్, ఫ్రైడ్ రైస్ పెడదాం, గోడలకి రంగులు వేద్దాం, ఎలా ఉంది? "బాగున్నాదండి మేడమ్" అని క్లాసు క్లాసంతా అంది. రంగులు వేశారు, పోస్టర్లు అంటించారు, చెప్పిన పనల్లా చేశారు. తినడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. వారం తిరిగేసరికి అత్త, మిగిలిన ఫ్రైడ్ రైస్ గిన్నె తెచ్చి స్టాఫ్ రూములో నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా క్లాసుకి వెళ్లి, "ఇది నడవదని మీకు ముందే తెలుసా?" అని అడిగాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. బొబ్బిలి దగ్గర పల్లె వాళ్లది. ఏడాదిగా ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా విననే లేదు.

"తెలుసండి" అంది.

"మరెందుకు చెప్పలేదు?"

"మీరు అంత ఇష్టంగా సెప్తన్నారు కదండి. కాదంటే మీ మనసు నొచ్చుకుంటాదని."

నన్ను నొప్పించకూడదని క్లాసంతా కలిసి అత్త కొట్టుని ముంచుతోంది.

అప్పుడు మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు ఏ ఆలోచన చెప్పినా, మెచ్చుకునే ముందు అందులో తప్పు చెప్పాలి. మొదట టీచరు తప్పు. నేను వెళ్లి ఆ అమ్మాయి బెంచీలో కూర్చుని, సుద్దముక్క ఆమె చేతికిచ్చాను.

ఆ అమ్మాయి బోర్డు వైపు తిరిగి నెమ్మదిగా మొదలుపెట్టింది. "మేం తెల్లారగట్ల బస్సెక్కుతామండి. అమ్మ కేరేజీ కట్టీస్తాది. అన్నం తెచ్చుకున్నోళ్లం మళ్లీ ఏటి కొంటాం? కానీ మజ్జాన్నానికి కూర సల్లారిపోతాది. పులుసైతే బస్సులో ఒలికిపోతాది. వేడిగా కూర దొరికితే సాలు."

వెనక నుంచి ఒక అబ్బాయి అందుకున్నాడు. "క్యాంటీన్లో కూకోనివ్వరు కదే. బోర్డు ఉన్నాది."

నిజమే. బయటి తిండి తినరాదని తలుపు పక్కనే బోర్డు ఉంది. అందుకే వాళ్లంతా సైకిల్ షెడ్డులో తింటున్నారు. నేనూ నా కేరేజీ స్టాఫ్ రూములోనే తింటున్నాను.

"కూరొక్కటే అమ్మితే అత్తకి గిట్టుతుందా?" అన్నాను. తప్పు వెతకడం ఇప్పుడు నా వంతు కదా. దానికి వాళ్లు వెళ్లి అత్తనే పిలుచుకొచ్చారు. ఆవిడ బెంచీ అంచున కూర్చుని అంతా విని, "బియ్యం ఖర్చు నేదు, పారబోసేదీ తక్కువే. నడుస్తాది" అంది. ఆ వెంటనే అమ్మాయి వైపు తిరిగింది. "మరిన్నాళ్లూ నాతో సెప్పనేదేటే?"

"నువ్వు బాధపడతావని అత్తా."

"మూసీడం బాధ కాదేటి?"

సాయంత్రానికి అత్తని అడిగి ఆ బోర్డునే తిప్పి, వెనకవైపు 'వేడి కూర, పులుసు దొరుకును. కేరేజీ తెచ్చుకోండి' అని రాశారు. నెలాఖరు వచ్చింది, పోయింది. అత్త పొయ్యి ఆరలేదు.

నేనూ నా కేరేజీ పట్టుకెళ్లి అక్కడే కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి రోజు నా దొండకాయ వేపుడు ఆ అమ్మాయికి కాస్త వడ్డించాను. ఒక ముద్ద తిని, నా మొహంలోకి చూసి, "బాగునేదండి మేడమ్" అంది. బల్ల చుట్టూ అందరూ తినడం ఆపేశారు. నేను కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఏడాదిగా ఆ క్లాసులో నేను వినాలని ఎదురుచూసిన మాట అది. గిన్నె ఆమె ముందుకి జరిపి, ఎక్కడ చెడిందో చెప్పమన్నాను.