మాటకు మాట తిరిగి చెప్పిన అల్లుడు

ఆ కాలంలో మాకు ఉద్యోగం దొరకడమే గొప్ప. దొరికాక దాన్ని చొక్కాతో పాటు విప్పి కొక్కేనికి తగిలించాలని ఎవరికీ తెలిసేది కాదు. ఆసిఫాబాద్ నుంచి వెళ్లి హైదరాబాద్ విమానాశ్రయంలో కంట్రోల్ పని నేర్చుకుంటున్నాను. మబ్బుల్లో పైలట్‌కు నేల కనిపించదు. పరికరాలను నమ్ముకుని, కింద నుంచి మేము చెప్పిన దారిలో, చెప్పిన ఎత్తులో పోవాలి. అతడొక దారి అడుగుతాడు. ఎదురుగా ఇంకో విమానం ఉందనో, గాలివాన ఉందనో మేము మరో దారి ఇస్తాం. సగం దూరం పోయాక అదీ మారుస్తాం (పాపం, ఏమీ అనడు). ఇచ్చిన దారిని మాత్రం మాటకు మాట తిరిగి చెప్పాల్సిందే. ఉత్త ‘సరే’ చెల్లదు. శిక్షణలో పైలట్ వేషం నాది కాబట్టి, పొద్దస్తమానం తిరిగి చెప్పడమే నా పని.

అంతలో బెల్లంపల్లి సంబంధం కుదిరింది. పిల్ల నాకు తెగ నచ్చింది. ఆమె తండ్రి బొగ్గుగనిలో కూలీల చేత పని చేయించే సర్దారు; ఆయన గొంతెత్తితే వీధి వీధంతా వినపడేది. లగ్గం మాటలకు నేనూ మా బాపూ వెళ్లాం.

“వానకాలం. బారాతు వాగు దిక్కు తేకుండ్రి, రైలు గేటు దిక్కుకెళ్లి రాండ్రి” అన్నారాయన నాతో.

“వాగు దిక్కు తేవద్దు, రైలు గేటు దిక్కుకెళ్లి రావాలె” అన్నాను.

“గేటు పడితె ఆగుండ్రి.”

“గేటు పడితె ఆగాలె.”

“ఏం పిలగా, ఎక్కిరిస్తున్నవా?”

మా బాపు నా కాలు తొక్కాడు. “గట్ల తిరిగి చెప్పకపోతె ఇమానాలు గుద్దుకుంటయి మామా” అన్నాను.

“మా ఇంట్ల ఇమానాల్లేవు. ఇగ లేచి పోండ్రి!”

“ఇగ లేచి పోవాలె” అన్నాను. (ఒట్టు, నోరు దానంతటదే అన్నది.)

నా పెళ్లి అక్కడితో ముగిసిందనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు తలుపు చాటు నుంచి నవ్వు ఆపుకుంటూ ఆ పిల్ల గొంతు వినిపించింది: “బాపూ, గనిల బారూదు పెట్టి బొగ్గు పేల్చే ముందు కూలోళ్లతోని నువ్వు గూడ గిట్లనే తిరిగి చెప్పిస్తవు గద!”

సర్దారు మామ కాసేపు మీసం సవరించుకున్నారు. తర్వాత మెల్లగా, “నా బిడ్డను మంచిగ చూసుకోవాలె” అన్నారు. ఆ ఒక్క మాట నా గొంతులోంచి రాలేదు. ఆయన కదల్లేదు. గనిలో లాగే, వినేదాకా ఎదురుచూశారు. చివరికి ఎలాగో తిరిగి చెప్పాను.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దారులన్నీ ఆయన బిడ్డే ఇస్తుంది, నేను గేటు దాటాక మారుస్తుంది. మొన్న మోకాళ్ల నొప్పితో కూర్చుని చాయ్ పెట్టమంది. పేపర్ చదువుతూ “సరే” అన్నాను.

“మా బాపుకు ఏం తిరిగి చెప్పినవ్?” అంది.

“మంచిగ చూసుకోవాలె” అని లేచి పొయ్యి వెలిగించాను.