వెనక నుంచి చదివే మామయ్య

మా మామయ్య ఒకే ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాడు. అదే ప్రెస్సు కింది అంతస్తులో నేను బైండింగ్ పని చేస్తాను. కాబట్టి ఆయన గురించి మాట్లాడే హక్కు నాకు రెండు విధాలా ఉంది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చల్లగా చెప్పేవాళ్లు కావాలంటే వేరే ఎవరినైనా వెతుక్కోండి.

ప్రెస్సులో అందరూ ఆయన్ని భూతద్దం అనేవాళ్లు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆఖరి ప్రూఫును ఆయన వెనక నుంచి చదివేవాడు. పేజీ అడుగున చివరి మాటతో మొదలుపెట్టి, ఒక్కొక్క మాటే చూసుకుంటూ పై వరసకు చేరేవాడు. ముందు నుంచి చదివితే కథలో పడిపోతామనీ, కథలో పడ్డ కన్ను తప్పును దాటేసి వెళ్లిపోతుందనీ అనేవాడు. అలా చదివితే యుద్ధం ఎవరు గెలిచారో తెలియదు గానీ, ఎక్కడ దీర్ఘం జారిపోయిందో తెలుస్తుంది. ఒకసారి ఒక రాజు తల నరికిన అధ్యాయం దిద్ది కిందికి దిగివస్తుంటే, రాజుగారు ఎలా ఉన్నారని అడిగాను. ఏ రాజు అన్నాడు.

రాజులకూ సైన్యాలకూ మా ప్రెస్సులో కొదవ లేదు. అదంతా ప్రొఫెసర్ గారి చలవ. ఆయనా మామయ్యా చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఒకరు చరిత్ర రాసేవారయ్యారు, ఒకరు దాన్ని దిద్దేవారయ్యారు. రొట్టె ధర పెరిగి మొదలైన తిరుగుబాట్లు, తరాల తరబడి సాగిన యుద్ధాలు, గెలిచిన మర్నాడే తమలో తాము కొట్టుకున్న విప్లవకారులు, ఇలా పదకొండు పుస్తకాలు రాశారాయన. పదకొండూ మామయ్య చేతుల మీదుగానే వెళ్లాయి. ప్రెస్సులో ఇద్దరూ మీరు అంటే మీరు అనుకునేవాళ్లు. మా ఇంటికొస్తే మాత్రం ఒరేయ్ అంటే ఒరేయ్. మా అమ్మ చేతి కాఫీ తాగుతూ ప్రొఫెసర్ గారు, మీ తమ్ముడు లేకపోతే నా పుస్తకాల్లో ఏనుగులు కూడా ఎలుకలైపోతాయక్కా అనేవారు. మామయ్య ఆ మాటకి వారం రోజులు పొంగిపోయేవాడు.

పన్నెండో పుస్తకం మా ఊరి తిరుగుబాటు గురించి. అందులో మా తాతయ్య, అంటే అమ్మకూ మామయ్యకూ నాన్న, ఉన్నాడు.

తాతయ్య తంతి ఆఫీసులో గుమాస్తా. ఆ రోజు పొద్దున తిరుగుబాటుదారులు నది దాటడానికి వంతెన వైపు వెళ్తున్నారని సైన్యానికి తంతి వచ్చింది. దాన్ని అందుకుంది ఈయనే. అధికారి వచ్చి ఎదురుగా కూర్చుని అడిగితే, తీగ తెగింది, ఏ కబురూ రావట్లేదని అబద్ధం చెప్పాడు. మూడు గంటలు ఆ అబద్ధం మీదే కూర్చున్నాడు. పట్టుబడితే అక్కడే గోడకు నిలబెట్టి కాల్చేసేవాళ్లు. ఇదంతా ఎవరితోనూ చెప్పుకోలేదాయన. ఒక నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకున్నాడు: ‘వంతెన సంగతి అధికారికి చెప్పింది నేనే. తీగ తెగిందని మూడు గంటలు కూర్చోబెట్టి, మనవాళ్లు దాటాకే చెప్పాను.’

ఆ నోటు పుస్తకాన్ని మామయ్య బీరువాలోంచి తీసి ప్రొఫెసర్ చేతిలో పెట్టాడు. అమ్మ వెనకాడింది. వాడు నా స్నేహితుడే, వాడికి కాక ఎవరికిస్తామని మామయ్య కసురుకున్నాడు. మొదటి ప్రూఫు వచ్చినప్పుడు ఆ పేజీని ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాడు. రెండు వాక్యాలూ అచ్చు అక్షరాల్లో ఉన్నాయి, తాతయ్య పేరూ ఇంటిపేరూ సహా. అమ్మ ఆ కాగితాన్ని చేత్తో తడిమి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ ఏడ్చినప్పుడు అలాగే వెళ్తుంది.

పుస్తకం విడుదల సభకు మేం ముగ్గురం వెళ్లాం. నాలుగో వరసలో కూర్చున్నాం. వేదిక మీద ఆనాటి తిరుగుబాటు నాయకుడి మనవడు కూడా ఉన్నాడు. అతను పుస్తకం తెరిచి, మా తాత ఓడిపోలేదు, ఆయన్ని ఓడించారు, ఎవరు ఓడించారో ఇందులో ఉంది అంటూ గొంతెత్తి చదివాడు. మా తాతయ్య పేరు చదివాడు. ‘వంతెన సంగతి అధికారికి చెప్పింది నేనే’ అన్న వాక్యం చదివాడు. అక్కడితో ఆపాడు. పుస్తకంలో కూడా తాతయ్య మాట అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ప్రొఫెసర్ గారి సొంత మాట ఒకటుంది: ప్రతి విప్లవానికీ ఒక ద్రోహి ఉంటాడని. జనం చప్పట్లు కొట్టారు. నాకు అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం వేదిక కేసి చూడలేదు, తమ్ముడి కేసి చూసింది.

మామయ్య తెల్లగా పాలిపోయాడు. అయినా చూడండి ఆ మనిషి పిచ్చి! ఇంటికొచ్చే దారి పొడుగునా అది ప్రెస్సు తప్పేనని వాదించాడు. పేజీ సర్దేటప్పుడు ఒక వరస జారిపోయి ఉంటుందట, ఇంతకుముందు ఎన్నిసార్లు జరగలేదట. స్నేహితుణ్ణి అనడం కన్నా తన ముప్పై ఒక్క ఏళ్ల పనిని తప్పు పట్టుకోవడమే ఆయనకు తేలికైంది. మర్నాడు పొద్దున్నే స్టోర్ రూముకు వెళ్లాడు. పుస్తకం వచ్చాక ఏడాది పాటు పాత ప్రూఫులను కట్టగట్టి అక్కడే ఉంచుతారు. కట్ట విప్పడానికి నేనూ సాయం పట్టాను.

వరస ఏదీ జారిపోలేదు. రెండో ప్రూఫులో ఆ రెండో వాక్యం మీద ఎర్ర సిరాతో తిన్నగా ఒక గీత ఉంది. ఎర్ర సిరా రచయితది. రచయిత గీసిన గీతను ప్రెస్సు ప్రతి మీదికి ఎక్కించడమే మామయ్య పని, ఎందుకని అడగడం కాదు. దాన్ని ఆయనే ఎక్కించాడు. ఆ రోజు అలాంటివి రెండు వందల గీతలు ఎక్కించాడు. తర్వాత ఆఖరి ప్రూఫును ఎప్పటిలాగే వెనక నుంచి చదివాడు. ఒక్క అక్షర దోషం లేదు. అడుగున ఆయన పొట్టి సంతకం ఉంది. ఆయన ఆ సంతకాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు. పద మామయ్యా అంటే వినిపించుకోలేదు.

ప్రొఫెసర్ ఇంటికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. వద్దన్నాడు గానీ నేను వినలేదు. ప్రొఫెసర్ మమ్మల్ని కూర్చోమన్నారు. మామయ్య నిలబడే అడిగాడు.

“ఆ వాక్యం ఎందుకు కొట్టేశావురా?”

“మీరే ఆఖరి ప్రూఫు చూశారు,” అన్నారు ప్రొఫెసర్. “అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాల్సింది.”

ప్రెస్సు బయట ఆయన మామయ్యను మీరు అనడం అదే మొదటిసారి. నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. మామయ్య ఆ మాట విననట్టే మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. చివరికి ప్రొఫెసర్ అసలు సంగతి చెప్పారు. వంతెన దాటిన రెండు రోజులకు నాయకుడు తన వాళ్లను తప్పుదారిలో నడిపించి సైన్యం చేతికి చిక్కాడు. ఆ మాట రాస్తే, తమ దగ్గరున్న నాయకుడి కాగితాలు వాడుకోనివ్వమని అతని కుటుంబం అంది. అతని తప్పు కాకపోతే ఇంకెవరిదో కావాలి కదా. “మీ నాన్న పోయి ఇరవై ఏళ్లయింది. ఆయనకి ఇప్పుడు ఒరిగేదేముంది?” అన్నారు. నేను నోరు చేసుకున్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను. మామయ్య నోటు పుస్తకం తీసుకుని బయటికి నడిచాడు.

అప్పటికి సగం ప్రతులు అమ్ముడుపోయాయి. చుట్టుపక్కల వాళ్లు ముఖం మీద ఏమీ అనలేదు గానీ, అమ్మ బజారుకు వెళ్లడం మానేసింది. మిగతా వెయ్యి ప్రతులకు ఇంకా బైండింగ్ కాలేదు. మా ప్రెస్సు యజమాని మంచివాడు. ఆయన మధ్యలో పడి ప్రొఫెసర్‌ను ఒప్పించాడు, ఆ పేజీలు మార్చి వేద్దామని. కొత్త పేజీలు వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం మామయ్య వాటిని ఇంటికి తెచ్చాడు. అమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఆయన కుర్చీ లాక్కుని, ఈసారి మొదటి మాట నుంచి అమ్మకు వినపడేలా చదివాడు.

ద్రోహి లేడు. తాతయ్య పేరు లేదు. తంతి గుమాస్తా అన్న మాటే లేదు. దాని బదులు ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘ఆ ఉదయం తంతి తీగ తెగిపోవడంతో, సైన్యానికి కబురు మూడు గంటలు ఆలస్యంగా అందింది.’

అమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

“తీగ తెగలేదు కదరా,” అంది.

మామయ్య తల అడ్డంగా ఊపాడు. ప్రాణం మీదికి తెచ్చుకుని తాతయ్య ఆ అధికారికి చెప్పిన అబద్ధం చివరికి చరిత్రలో నిజమై కూర్చుంది. దాన్ని చెప్పిన మనిషి మాత్రం మాయమైపోయాడు. సంతకం పెట్టకపోతే మిగతా వెయ్యీ పాత పేజీలతోనే వెళ్తాయి. పెట్టాలా వద్దా అని మామయ్య అక్కను అడిగాడు. అరవై ఏళ్లు దాటిన మనిషి, పరీక్ష తప్పిన పిల్లాడిలా అడిగాడు. అమ్మ చేతిలోని చీర మడత పెట్టి పక్కన పెట్టింది.

“పెట్టేయ్. ద్రోహి కూతురిగా బతికే ఓపిక నాకు లేదు,” అంది. మళ్లీ కాసేపటికి, “ద్రోహి అన్నప్పుడు నాన్న కనీసం ఆ తంతి గదిలో ఉన్నాడురా,” అంది.

సోమవారం మామయ్య సంతకం పెట్టి, తన కుర్చీలో కూర్చుని ఇంకెవరిదో పుస్తకం దిద్దుకున్నాడు. బుధవారం ఆ పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, మేం ఫారాలంటాం, కింది అంతస్తుకు, నా బల్ల మీదికి వచ్చాయి. వేరే వాళ్లకు ఇచ్చేయమని మేస్త్రీ అన్నాడు. ఇవ్వలేదు. వెయ్యి ప్రతులూ నేనే కుట్టాను.