యాదమ్మ చిటికెన వేలు

2017 జూలైలో నన్ను నల్లగొండ జిల్లాలోని ఒక కాల్వల డివిజన్‌కు టెక్నికల్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. ఆ డివిజన్ పేరు రాయను. అక్కడివాళ్లు కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. అయితే పేరు రాయకపోవడం వేరు, మరచిపోవడం వేరు.

టెక్నికల్ ఆఫీసర్ అంటే పెద్ద హోదా అనుకోవద్దు. డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినవాడు ఒక్కో మెట్టూ ఎక్కి ఆ కుర్చీకి చేరేసరికి తల నెరుస్తుంది. కాల్వల మ్యాపులు, తూముల డ్రాయింగులు, అంచనాల తనిఖీ మా పని. ఇంజనీర్లు మమ్మల్ని ఇంజనీర్లనుకోరు, గుమాస్తాలు గుమాస్తాలనుకోరు. నేను చేరిన రోజే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి గదిలో మీటింగు జరిగింది. మేము ఆయన్ని ఈఈ గారనేవాళ్లం. అందరికీ కుర్చీలున్నాయి, నాకు లేదు. గోడ పక్కన నిలబడ్డాను. అంతలో వారం వారం వచ్చే నీటి వివరాలు ఇవ్వడానికి సెక్షన్ ఆఫీసు నుంచి వచ్చిన ఒకామె, వరండాలో అటెండర్లు కూర్చునే స్టూలు తెచ్చి నా వెనక పెట్టింది. "కూసో సారు, వీళ్లకు మాటలు ఒడవయి" అని చెవిలో చెప్పి వెళ్లిపోయింది. ఆమె పేరు యాదమ్మ.

ఆమె భర్త లింగయ్య మా కాల్వ మీద లష్కర్. తూము తలుపులు ఎత్తి, దించి, పొలాలకు నీళ్లు వదిలే ఉద్యోగిని మా శాఖలో లష్కర్ అంటారు. అతను పోయాక యాదమ్మకు కారుణ్య నియామకం కింద సెక్షన్ ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చింది. బడికి పోని మనిషి. ఉద్యోగంలో చేరే కాగితం మీద నిశాని వేయమంటే, అంటే వేలిముద్ర వేయమంటే, పది రోజులు గడువు అడిగి సంతకం నేర్చుకొని వచ్చిందట. తర్వాత కంప్యూటర్ తెరవడం, ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం కూడా నేర్చుకుంది. సెక్షన్‌లో ఇంటర్‌నెట్ ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. అందుకే ఏ తూము నుంచి ఎంత నీరు పోయిందో ఆ వివరాలన్నీ ఆమె కొంగున ముడేసుకొని బస్సులో డివిజన్‌కు తెచ్చేది.

ఆ వానకాలంలో కాల్వ చివరి ఊళ్ల రైతులు డివిజన్ ముందు కూర్చున్నారు. తమకు వదిలిన నీళ్లు తక్కువ, కాగితం మీద ఎక్కువ అని వాళ్ల ఫిర్యాదు. అంకెలు సెక్షన్‌లో మారాయా, దారిలో మారాయా, డివిజన్‌లో మారాయా ఎవరికీ తెలియదు. దానికి పరిష్కారంగా, వేలిముద్ర పడితేనే తెరుచుకునే పెన్‌డ్రైవ్‌లు వాడాలని పైవాళ్లు అనుకున్నారు. సరఫరాదారు మూడు నమూనాలు పంపాడు. ఈఈ గారు ఆ డబ్బా నా ముందుకు తోసి, "ఇది గీతలు గీసినంత సులువు కాదు. అయినా ఖాళీగా ఉన్నది మీరే కదా" అన్నారు. గదిలో ఇద్దరు నవ్వారు. ఎవరెవరో నాకు గుర్తుంది.

పదిహేను రోజుల్లో పరీక్షించి నివేదిక ఇవ్వాలి. అటు తెచ్చే మనిషి వేలు, ఇటు తీసుకునే మనిషి వేలు, ఈ రెండింటికి తప్ప అది తెరుచుకోకూడదు. యాదమ్మ వేలు పడకపోతే ఆ పనికి వేరే మనిషిని పెట్టి, ఆమెను స్టోరు యార్డుకు పంపుతామని ఈఈ గారు ముందే చెప్పారు. స్టోరు యార్డంటే తుప్పు పట్టిన తూము షట్టర్లకు కాపలా.

పరికరం బాగానే ఉంది. బొటనవేలంత పొడవు, పక్కన వడ్లగింజకంటే కొంచెం పెద్ద నల్లటి గాజు. మొదట వేలిని పలుమార్లు ఆనించి నమోదు చేయాలి. తర్వాత అదే వేలు ఆనిస్తే పచ్చ దీపం వెలిగి ఫైలు తెరుచుకుంటుంది. వేరే వేలు అయితే ఎర్ర దీపం. నేను ఒక పుస్తకం పెట్టుకొని గళ్లు గీసి ప్రతి ప్రయత్నమూ రాశాను. తడి వేలు, దుమ్ము వేలు, నూనె వేలు, టేపు మీద ఎత్తిన ముద్ర, అన్నీ చూశాను. మా సెక్షన్ ఇంజనీరు వేలికి ప్రతిసారీ తెరుచుకుంది. నాకు నాలుగింట మూడుసార్లు. పరాయి వేలికి ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ఆ మాట రాసేటప్పుడు సంతోషంగానే రాశాను.

యాదమ్మ కుడి బొటనవేలు నమోదు కావడానికే మూడు ప్రయత్నాలు పట్టాయి. ఆ తర్వాత ఇరవైసార్లు ఆనిస్తే రెండుసార్లు పచ్చ దీపం వెలిగింది. ఆమె చేతులు కడుక్కొని వచ్చింది, కొంగుతో తుడుచుకుంది, ఊదింది. ఎర్ర దీపమే.

"ఎర్రగనే అయితాంది సారు. దీనికి నా మీద ఏం కోపమో!"

అటు నుంచి పోతున్న సూపరింటెండెంటు ఆగి చూసి, "ఏంది యాదమ్మా, నిశాని గూడ వస్తలేదా నీకు?" అన్నాడు. యాదమ్మ తల ఎత్తలేదు. వేలు ఆనిస్తూనే బదులిచ్చింది.

"అప్పుడు సంతకం వస్తలేదని నవ్వితిరి. కిందమీద పడి నేర్సుకుంటి. ఇప్పుడు నిశాని వస్తలేదని నవ్వవడితిరి. ముందుగాల మీకేం కావాల్నో మీరు ఒక్క మాట మీద ఉండుండ్రి సారు."

సూపరింటెండెంటు వెళ్లిపోయాడు. నేను నా పుస్తకంలో తేదీ వేసి ఆ సంభాషణ కూడా రాసుకున్నాను. నివేదికకు అది అవసరం లేదు. నాకు అవసరం.

పన్నెండో రోజు ఈఈ గారు నివేదిక ఫారం తెప్పించుకున్నారు. అందులో 'విఫలమైతే కారణం' అనే గడిలో రెండు మాటలుంటాయి: పరికర లోపం, వాడుకదారు లోపం. ఆయన రెండోదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "దీని మీద ఇంకు పెట్టి తెండి, సంతకం చేస్తాను" అన్నారు. పెన్సిల్ గీత మీద ఇంకు దిద్దడం నా వృత్తి. ముప్పై ఏళ్లకు పైగా అదే చేశాను. ఆ గీత మీద మాత్రం దిద్దనన్నాను. అయితే కారణం కనిపెట్టి రాయండి, మూడు రోజులు టైముంది అన్నారాయన. "అదీ మీ చేతనైతే" అని కలిపారు.

మర్నాడు ఉదయం ఏడున్నర బస్సుకు యాదమ్మ ఊరికి పోయాను. అక్కడి సెక్షన్ ఆఫీసు కిటికీ దగ్గర టేబుల్ వేయించి, ట్రేసింగ్ పేపర్ మీద పది గళ్లు గీశాను. ట్రేసింగ్ పేపర్ అంటే కింది గీత పైకి కనిపించే పలుచని కాగితం. డ్రాయింగుకు నకలు తీయడానికి వాడతాం. స్టాంపు ప్యాడు తెరిచి పది వేళ్లూ వరసగా అద్దమన్నాను. యాదమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మళ్ల నిశాన్లేనా సారు? గిది స్టోరుకు పంపే కాయితమా?"

కాదని చెప్పాను. ఏ వేలిలో గీతలు మిగిలాయో చూడాలన్నాను. కాసేపు నా మొహం చూసి చేతులు చాపింది.

"ఏం మిగుల్తయి సారు. నాట్లేసినవి, పత్తి ఏరినవి, ఇండ్లకు సున్నం ఏసినవి. సగం గీతలు బోళ్లు తోమిన బూడిదలనే పోయినయి. స్టోరుకు పొమ్మంటే పోత, జీతమేం తగ్గదు. కని ఈ కుర్సీల కూసొని ఫైలు ఎక్కిస్తుంటే, మా ఆయన వదిలిన నీళ్లు నేను రాస్తున్నట్టుంటది."

ఆరిన కాగితాన్ని కిటికీ అద్దానికి అంటించి భూతద్దంతో చూశాను. కుడి బొటనవేలు ఉత్త మరక. చూపుడువేలు నడుమ నున్నగా అరిగింది. ఎడమ బొటనవేలికి అడ్డంగా కొడవలి గాటు. అలా ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోయి ఎడమ చిటికెన వేలి దగ్గర ఆగాను. ఎత్తుపల్లాలు చూపే కాంటూరు మ్యాపులో గుట్ట చుట్టూ గీతలు తిరిగినట్టు, ఒక్క తెగుడు లేకుండా ఉన్నాయి. అంత శుభ్రమైన గీతలు నేను కూడా తక్కువసార్లే గీసి ఉంటాను.

ఆ వేలు నమోదు చేశాం. ఆనించమన్నాను. పచ్చ దీపం. మళ్లీ ఆనించింది. పచ్చ దీపం. ఇరవైసార్లలో పంతొమ్మిది. యాదమ్మ ఆ వేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకొని చూసుకుంది.

"దీంతోని ఏ పనీ కాదని మా అత్త తిడుతుండె సారు. లగ్గంల మా ఆయన గీ ఏలే పట్టుకొని ఏడడుగులు నడిచిండు. అప్పుడు అక్కరకొచ్చింది, మళ్ల ఇయ్యాల్నే." తర్వాత నవ్వింది. "ఇంక దీన్ని బోళ్లు తోమనియ్య."

నేను ఇరవై గళ్లూ నిండాయో లేదో ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను.

నివేదిక నాలుగు పేరాలు. మూడో పేరాలో ఇలా రాశాను: కాయకష్టం చేసినవారి బొటనవేళ్ల గీతలు అరిగి ఉండవచ్చు. అది వారి లోపం కాదు. నమోదుకు ముందు పది వేళ్లూ చూసి, రెండు చేతుల నుంచి కనీసం ఒక్కో వేలు ఎక్కించాలి. ఒక్క బొటనవేలితో ఎవరినీ అనర్హులుగా తేల్చరాదు. ట్రేసింగ్ పేపర్ జత చేశాను. ఈఈ గారు రెండుసార్లు చదివి, పెన్సిల్ సున్నాను తనే రబ్బరుతో చెరిపారు.

నెల తర్వాత ఆ నివేదిక అన్ని సెక్షన్లకూ సర్క్యులర్‌గా వచ్చింది. కింద ఈఈ గారి సంతకం ఉంది. 'పరీక్షించినవారు' అన్న చోట సెక్షన్ ఇంజనీరు పేరు ఉంది. నా పేరు లేదు. సవరించమని మూడు లేఖలు రాశాను. మూడింటికీ అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ నకళ్లు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

యాదమ్మ స్టోరు యార్డుకు పోలేదు. నేను రిటైరైన రోజు సన్మానానికి వేదిక మీద కుర్చీలు వేస్తుంటే, ఆమె మాత్రం వరండాలోంచి ఆ పాత స్టూలు తెచ్చి వేదిక పక్కన పెట్టింది. "ఏమో సారు, వీళ్లను నమ్మరాదు" అంది.

ఒక పరికరం పనిచేస్తుందో లేదో చెప్పాలంటే, దాన్ని పట్టుకునే చేతిని కూడా అంతే శ్రద్ధగా చూడాలని ఆ పదిహేను రోజుల్లో నేర్చుకున్నాను. సర్క్యులర్‌లో నా పేరు తీసేశారు గాని, మూడో పేరాలో ఒక్క అక్షరం మార్చలేదు.